ముప్ఫై ఎనిమిది డిగ్రీల లారీ

భర్త త్రిమూర్తులు లారీకి జ్వరం వచ్చిందన్న కబురు సత్యవేణికి సోమవారం ఉదయం పదకొండింటికి, పులుసులోకి చింతపండు పిసుకుతుండగా తెలిసింది.

చేతులు తడిగా ఉన్నాయని ఫోను స్పీకర్లో పెట్టి, "లారీకి జ్వరమేంటి?" అంది.

"అరవై ఒక్క డిగ్రీలంట. చెక్‌పోస్టు దగ్గర ఆపి, ఇంజన్లోకి గాలెళ్ళే గొట్టంలో సూదిలాంటిదేదో గుచ్చి చూశారు. ముప్ఫై ఎనిమిది దాటకూడదంట. బండిని తీసుకెళ్ళి మండలి ఆవరణలో పెట్టించేశారు," అన్నాడు త్రిమూర్తులు.

"మరి ఐసో?"

"ఐసుకేం జ్వరం లేదు. అది లారీలోనే ఉంది, కరుగుతోంది."

సత్యవేణి చింతపండు అలాగే వదిలేసి చెయ్యి కడుక్కుంది. ఆ ఐసు పక్క ఊళ్ళో పెద్దిరాజు గారి రొయ్యల చెరువుకి వెళ్ళాల్సింది. అది ఆయన గొడవ. కానీ గురువారం వెళ్ళాల్సిన ఐసు సత్యవేణి చెరువుకే. అక్క మంగతాయారూ తనూ కలిసి ఎకరన్నర చెరువు కౌలుకి తీసుకుని, నాలుగు నెలలు పసిపిల్లని సాకినట్టు రొయ్యని సాకారు. కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటరు దగ్గరికి పరుగెత్తారు. ఇప్పుడు పక్క చెరువులో తెల్లమచ్చ తెగులు కనిపించింది. గురువారం దాటితే తమ చెరువుకీ వస్తుంది. రొయ్యని పట్టాక గంటలోపు ఐసులో పెట్టాలి. ఐసు ఫ్యాక్టరీ ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఆటోల్లో వేసి తెస్తే సగం దారిలోనే నీళ్ళవుతుంది. లారీ కావాలి. జిల్లాలో ఉన్న ఐసు లారీలన్నిటికీ ఆ వారంలోనే జ్వరం వచ్చింది.

వాహన శ్వాసోష్ణ నియంత్రణ మండలి ఏర్పడి అప్పటికి ఏడాది కాలేదు. ఆరుగురు పెద్దలు అధ్యయనం కోసం ఒక చలి దేశానికి వెళ్ళి, మంచు పడుతున్న వేళ ఒక లారీని పరీక్షించి చూశారు. అది పీల్చే గాలి పద్దెనిమిది డిగ్రీలు. మన లారీలు ఎంతటి వేడిగాలి పీల్చి బతుకీడుస్తున్నాయో తలచుకుని వాళ్ళ గుండె చెరువైంది. పద్దెనిమిదంటే మనవాళ్ళకి కష్టమని దయతలచి, ముప్ఫై ఎనిమిది చేశారు. ముప్ఫై ఎనిమిదే ఎందుకంటే, మండలి అధ్యక్షులు వైకుంఠరావు గారికి విమానం దిగుతూనే ఒళ్ళు వెచ్చబడింది. డాక్టరు చూసి, "ముప్ఫై ఎనిమిది దాటితే ఆలోచించాలి" అన్నాడు. ఆయన ఆలోచించారు.

సత్యవేణి నాలుగు గిన్నెల క్యారియరుతో షేర్ ఆటో దిగేసరికి మండలి ఆవరణలో నలభై లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటి ముందు భాగాలూ పైకెత్తి ఉన్నాయి, డాక్టరు నాలిక చూపించమంటే నోళ్ళు తెరిచినట్టు. త్రిమూర్తులు లారీ కింద మాత్రం చిన్న కాలవ పారుతోంది. మిగతా డ్రైవర్లు ఆ నీళ్ళలో సోడా సీసాలు పెట్టుకున్నారు. ఒకాయన ముఖం కడుక్కుని, "మీవల్ల ఆఫీసంతా చల్లగా ఉందమ్మా" అన్నాడు.

త్రిమూర్తులు తడి గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అన్నం కలిపి పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"అసలా టర్బో అంటే ఏంటో చెప్పు. నాకు తెలిస్తేనే కదా వాళ్ళతో మాట్లాడేది."

"నువ్వు మాట్లాడతావా?"

"నువ్వు మాట్లాడావుగా పొద్దున్న. ఏమైంది?"

త్రిమూర్తులు ముద్ద మింగి చెప్పాడు. "ఇంజను బలంగా లాగాలంటే గాలి ఎక్కువ కావాలి. దాన్ని లోపలికి తొయ్యడానికి ఓ పంకా ఉంటుంది. బయటికెళ్ళే పొగతో ఆ పంకా తిరిగితే టర్బో. ఇంజను బెల్టుతోనే తిరిగితే సూపర్‌చార్జరు. ఏది తోసినా నొక్కి తోస్తే గాలి వేడెక్కుద్ది."

"సైకిలు పంపు కొడితే అడుగున చెయ్యి కాలినట్టు."

"అంతే. అందుకని ఆ వేడిగాలిని ముందున్న జల్లెడలాంటి దాంట్లోంచి పంపి చల్లారుస్తారు. దానికి తగిలేది బయటి గాలేగా. బయటెంత వేడుంటే అంతకన్నా తక్కువకి రాదు."

"బయటెంతుంది?"

"నలభై నాలుగు."

సత్యవేణి ఇరవై మూడేళ్ళుగా వంట చేస్తున్న మనిషి. మరుగుతున్న నీళ్ళలో గిన్నె పెట్టి పాలు చల్లార్చమని అత్తగారు కూడా ఎప్పుడూ అడగలేదు.

సహాయ పరిశీలకుడు నూకరాజు గది లోపల ఉంది. ముప్ఫై దాటని సన్నటి మనిషి, మెళ్ళో తాడుకి థర్మామీటరు వేలాడుతోంది. గోడ మీద అద్దాల చట్రంలో ఒక పట్టిక ఉంది. ఒక గడిలో టర్బో, ఆ ఉదయమే దిద్దిన అరవై ఒకటి. రెండో గడిలో సూపర్‌చార్జరు, ఇరవై.

"తులనాత్మక పరిశీలనలో సూపర్‌చార్జరే శ్రేష్ఠమని తేలిందండి," అన్నాడు నూకరాజు. "మీరు టర్బో తీయించేసి అది పెట్టించుకుంటే సరిపోద్ది. రేపే పెట్టించుకుంటే ఎల్లుండి పంపించేస్తాను."

"ఎక్కడ దొరుకుద్ది బాబూ అది?"

"దొరకదండి. ఈ జిల్లాలో ఒక్కటే ఉంది. మన షెడ్డులో."

"చూడొచ్చా?"

చూపించమని అంతవరకూ ఎవరూ అడగలేదేమో, అతను కొంచెం సంతోషంగానే లేచాడు. వెనక షెడ్డులో ఒక పాత క్రేను లారీ ఉంది. ఎప్పుడో ఓడలో వచ్చి, రేవులో సరుకు దింపి, రిటైరైంది. సీటు మీద కోడి పొదుగుతోంది. చక్రాల చుట్టూ దొండపాదు అల్లుకుంది.

"ఇది స్టార్టవుద్దా?"

"అవదండి. మాకిచ్చేటప్పటికే ఇంజన్లో సగం లేదు."

"మరి గాలెలా పీల్చింది?"

"పీల్చలేదండి. గొట్టం ఉంది కదా. గొట్టంలో గాలుంది. దాన్ని కొలిచాం."

"ఎప్పుడు కొలిచారు?"

"జనవరిలోనండి. పొద్దున్న ఆరింటికి. మంచు కూడా పడుతోంది."

"మా లారీనేమో మే నెలలో, పది టన్నులేసుకుని ఇరవై కిలోమీటర్లొచ్చాక కొలిచారు."

నూకరాజు థర్మామీటరు తాడు సరిచేసుకున్నాడు. "నమూనా జనవరిలో అందుబాటులోకొచ్చిందండి మరి. నడిపి చూడాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. నేనూ అడిగాను. అడగొద్దన్నారు."

ఆ చివరి మాట అతను కోడి వైపు చూస్తూ అన్నాడు. సత్యవేణికి ఆ అబ్బాయి మీద కాస్త జాలి కలిగింది. అయినా గురువారం గురువారమే.

సోమవారం సాయంత్రానికి పెద్దిరాజు గారి ఐసంతా ఆవరణలో ఇంకిపోయింది. ఆయన ఫోను చేసి త్రిమూర్తులుని తిట్టాల్సిన తిట్లు తిట్టి, ముప్పాతిక వంతు రొయ్యని ఊళ్ళో వాళ్ళకి పంచేశానని చెప్పి పెట్టేశాడు. ఆ ఊళ్ళో ఇంటింటా రొయ్యల వేపుడే. తన చెరువూ అలాగే అవుతుందని సత్యవేణికి తెలిసిపోయింది.

మంగళవారం ఆమె అధ్యక్షుల వారి గదికి వెళ్ళింది. గది లోపల ఎంత చల్లగా ఉందంటే వైకుంఠరావు గారు శాలువా కప్పుకున్నారు. బల్ల మీద ఇత్తడి లారీ బొమ్మ ఉంది, దాని నోట్లో చిన్న థర్మామీటరు ఉంది.

"నాకు ఎల్లుండి లారీ కావాలండి. చెరువు పట్టాలి. తెల్లమచ్చ పక్కదాకా వచ్చేసింది," అంది సత్యవేణి.

"అమ్మా, మీ వ్యథ నేను గ్రహించగలను," అన్నారాయన. "కాని వాహనం సైతం ఒక ప్రాణియే. దాని శ్వాసకు పరిమితి విధించకుంటే రేపు భావితరాల లారీలు మనల్ని క్షమించవు."

"బయట గాలే నలభై నాలుగుందండి. ఆ గాలినే పీల్చి ముప్ఫై ఎనిమిది చెయ్యమంటే ఎలాగండి?"

"బయటి గాలి విషయమై ప్రత్యేక ఉపసంఘం నియమించాము. వారి నివేదిక అందేవరకు బయటి గాలి ఇంత వేడిగా ఉన్నదని ముందుగా నిర్ణయించుకొనుట ఉచితం కాదు."

"పోనీ, కొలిచేటప్పుడు రెండూ ఒకలా ఉన్నప్పుడు కొలవాలి కదండీ. ఒకటి చలికాలంలో, ఒకటి వేసవిలో. ఒకటి పడుకుంది, ఒకటి పరుగెత్తింది. ఇద్దరు పిల్లలకి జ్వరం చూడాలంటే ఒకణ్ణి ఎండలో ఆడించి, ఇంకొకణ్ణి నిద్రలో ఉండగా చూస్తామా?"

వైకుంఠరావు గారు శాలువా తీసేశారు. ఆయన కళ్ళు మెరిశాయి.

"సమాన పరిస్థితులు," అన్నారు నెమ్మదిగా. "నూకరాజూ, విన్నావా? ఒక సామాన్య గృహిణి నోట. దేశాంతరం వెళ్ళివచ్చిన మా బృందానికి తట్టలేదు. రేపు ఉదయం ఏడు గంటలకు తులనాత్మక పునఃపరిశీలన జరుపుదాం. టర్బో పక్షాన వీరి లారీ. ఒకే స్థలం, ఒకే సమయం, ఒకే స్థితి."

సత్యవేణి బయటికొచ్చి త్రిమూర్తులుతో, "ఆ ముసలిదాన్ని స్టార్ట్ చెయ్యాలి వాళ్ళు. చెయ్యలేరు. అప్పుడు మనల్ని వదిలేస్తారు," అంది.

త్రిమూర్తులు, "వదిలేస్తారంటావా?" అన్నాడు. అతనికి ఆఫీసులతో ఇరవై ఏళ్ళ పరిచయం.

బుధవారం ఏడింటికి షెడ్డులో రెండు లారీలూ పక్కపక్కన పెట్టారు. దొండపాదు కత్తిరించారు. కోడిని బుట్టలోకి మార్చారు. మండలి సభ్యులు ఆరుగురూ కుర్చీల్లో కూర్చున్నారు. త్రిమూర్తులు క్యాబిన్ ఎక్కి తాళం తిప్పబోతుంటే వైకుంఠరావు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఏమిటది? సూపర్‌చార్జరు ఇంజను ఆడుట లేదు. మీది ఆడినచో సమాన పరిస్థితులు ఎట్లవుతాయి?"

త్రిమూర్తులు తాళం తీసి జేబులో వేసుకుని దిగాడు. సత్యవేణి వైపు చూడలేదు. చూడకపోవడమే చాలా గట్టిగా చూసినట్టుంది.

నూకరాజు రెండు గొట్టాల్లోనూ సూదులు పెట్టి, అయిదు నిమిషాలాగి చదివాడు. "సూపర్‌చార్జరు ముప్ఫై మూడండి. టర్బో..." మరోసారి చూశాడు. "ముప్ఫై మూడండి."

ఆరుగురు సభ్యులూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుల వారు లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"నేటితో ఒక మహావివాదానికి తెరపడినది. వేడికి కారణం టర్బో కాదు, సూపర్‌చార్జరు కాదు. నడక. నడవనంత కాలం ఏ వాహనమైనను చల్లనిదే. కనుక ఇకపై నడవని లారీలన్నిటికీ ధ్రువపత్రం మంజూరు చేయుటకు తీర్మానిస్తున్నాము."

"నడిస్తేనోనండి?" అన్నాడు త్రిమూర్తులు.

"ధ్రువపత్రం రద్దగును."

అంతటితో అయినా బాగుండేది. సభ్యుల్లో ఒకాయనకి ఇంత ప్రశస్తమైన టర్బోని మళ్ళీ రోడ్డు మీదికి పంపడం దేనికనిపించింది. రెండో ఆయన బలపరిచాడు. పది నిమిషాల్లో త్రిమూర్తులు లారీ జిల్లా ప్రామాణిక టర్బో నమూనా అయిపోయింది. దానికి బంతిపూల దండ వేశారు, తలుపు మీద తెల్లరంగుతో నంబరు రాశారు, శాశ్వతంగా షెడ్డులోనే ఉంచాలని నిర్ణయించారు. కోడిని బుట్టలోంచి తీసి, ఈసారి త్రిమూర్తులు సీటు మీద పెట్టారు, అది కొత్తగా ఉందని.

మంగతాయారు ఫోను అప్పుడే వచ్చింది.

"ఏమే, వల వేసేవాళ్ళు రేపు పదింటికి వల లాగుతామన్నారు. కొనేవాళ్ళ వ్యాన్లూ వస్తన్నాయి. ఐసు మాట ఏం చేశావు?"

"చూస్తన్నానక్కా."

"చూడ్డమేంటి? రెండు రొయ్యలు గట్టుకొచ్చి తిరుగుతున్నాయి. తెగులు తగిలితేనే అలా వస్తాయని తెలుసుగా నీకు. పట్టకపోతే పోతాయి, పట్టి ఐసులో పెట్టకపోయినా పోతాయి. నాలుగు నెలలు నేను మంచమ్మీద పడుకోలేదే."

"రేపు పదింటికి ఐసుంటది," అంది సత్యవేణి. అనేశాక, ఎలా ఉంటుందో ఆలోచించడం మొదలుపెట్టింది.

త్రిమూర్తులు గుమ్మం దగ్గర కూర్చుని కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. "నడిస్తే పట్టుకున్నారు. నడవకపోతే ఉంచేసుకున్నారు. ఇంకేం మిగిలింది?"

"వాళ్ళతో మనమనుకున్నది చెప్తే అవట్లేదు," అంది ఆమె. "వాళ్ళనుకున్నదే ఇంకాస్త చెప్పాలి."

ఆమె కొంగు సవరించుకుని మళ్ళీ ఆ చల్లటి గదిలోకి వెళ్ళింది. ఈసారి నమస్కారం కాస్త వంగి పెట్టింది.

"మా లారీని తమరింత గౌరవించారండి. మా ఊళ్ళో వాళ్ళు నమ్మట్లేదండి."

"నమ్మరా?"

"చూస్తేనే నమ్ముతారంటండి. ఊరూరా తిప్పి చూపించొచ్చు కదండీ. లారీల వాళ్ళకి జ్ఞానం వస్తుంది. మొదట మా ఊరే పెట్టండి, రేపు. తమరే వచ్చి నాలుగు మంచి మాటలు చెప్తే బావుంటుంది."

వైకుంఠరావు గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నలభై లారీల మీదుగా చాలా దూరం చూశారు. "ఉష్ణ చైతన్య ప్రదర్శన యాత్ర," అన్నారు. తర్వాత ముఖం దిగులుపడింది. "కాని నమూనా నడవరాదు కదా."

"నడవదండి. పెద్దిరాజు గారి ట్రాక్టరు తాడు కట్టి లాక్కెళ్తుంది. ట్రాక్టరు లారీ కాదు కదండీ."

"కాదు. ట్రాక్టరు మన పరిధిలోనికి రాదు."

"ఒక్కటే భయమండి. ఎండలో వెళ్ళేటప్పుడు నమూనా ముప్ఫై ఎనిమిది దాటితే మండలికి మాటొస్తుంది కదండీ."

ఆయన గిరుక్కున తిరిగారు. ఆ సంగతి ఆయనకి తట్టలేదు. "దానికేమి మార్గం?"

"ఐసండి."

"ఎంత?"

సత్యవేణి కొంచెం ఆలోచిస్తున్నట్టు తల వంచింది. "పది టన్నులైతే బెంగుండదండి."

ఐసు ఫ్యాక్టరీకి మండలి ముద్రతో ఉత్తరం వెళ్ళింది. ప్రామాణిక నమూనా శీతలీకరణ నిమిత్తం పది టన్నుల మంచుదిమ్మలు తక్షణం సమకూర్చవలసిందని, జాప్యం జరిగినచో తీవ్రంగా పరిగణించబడునని. ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర ఐసు కుప్పలుగా ఉంది. తీసుకెళ్ళే లారీలన్నీ మండలి దగ్గరే ఉన్నాయి.

గురువారం తెల్లారగానే వాచ్‌మన్ టీకి వెళ్ళిన అయిదు నిమిషాల్లో త్రిమూర్తులు కోడికి నమస్కారం పెట్టి, దాన్ని పక్క లారీలోకి పంపి, ఇంజను ఆడించి బ్రేకుల్లోకి గాలి నింపుకున్నాడు. ఇంజను ఆడని బండి బ్రేకులు వదలవని మండలికి ఎవరూ చెప్పలేదు. చెబితే బ్రేకులకీ ఒక ఉపసంఘం వేస్తారు.

ఊరేగింపు ఏడింటికి బయల్దేరింది. ముందు అధ్యక్షుల వారి జీపు, మైకు. దాని వెనక ట్రాక్టరు. తాడు వెనక దండతో లారీ, బ్యానరుతో సహా. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు ఎక్కించాక త్రిమూర్తులు రెండు దిమ్మలు ముందున్న జల్లెడకి ఆనించి గోనెలతో కట్టాడు. మొదటి మలుపు తిరిగి జీపు కనుమరుగవగానే ఇంజను స్టార్ట్ చేశాడు. అక్కణ్ణుంచి తాడు ఊరికే వేలాడుతూ వచ్చింది. ఎత్తు వచ్చిన చోట లారీయే ట్రాక్టరుని వెనక నుంచి నెట్టింది. ట్రాక్టరు నడిపే పెద్దిరాజు గారి తమ్ముడు వెనక్కి తిరిగి, "బావా, ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారో కాస్త చెప్పు," అని అరిచాడు.

"నువ్వు స్టీరింగ్ పట్టుకుని గంభీరంగా ఉండు చాలు," అన్నాడు త్రిమూర్తులు.

తొమ్మిదిన్నరకి చెరువు గట్టు మీద ఆగారు. ఊరి మలుపుకి ముందే ఇంజను ఆపేశాడు. వల వేసేవాళ్ళు మొలలోతు నీళ్ళలో దిగి ఉన్నారు. మంగతాయారు ట్రేలు వరసగా పేర్చుకుని నిలబడింది. పది టన్నుల ఐసు చూసి ఆమె చెల్లెలి చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలేసింది.

ఊరి జనం, పిల్లలు, లారీలు లేక ఖాళీగా ఉన్న డ్రైవర్లు, అందరూ పోగయ్యారు. టెంటు కింద అధ్యక్షుల వారు మైకు అందుకున్నారు. నూకరాజు గొట్టంలో సూది పెట్టి పక్కనే నిలబడ్డాడు, ప్రతి రెండు నిమిషాలకీ అంకె చదవమని ఆయన ఆజ్ఞ.

"సోదర సోదరీమణులారా, మానవుడు నిమిషమునకు పదహారుసార్లు శ్వాసించును. లారీ ఎన్నిసార్లు శ్వాసించునో మీరెన్నడైనా ఆలోచించారా?"

"ముప్ఫై నాలుగండి," అన్నాడు నూకరాజు.

వెనక చెరువులో వల దగ్గరికి లాగారు. రొయ్యలు వెండిరేకుల్లా ఎగిరిపడ్డాయి. మొదటి ట్రే గట్టెక్కింది. మంగతాయారు చెల్లెలి వైపు చూసింది. సత్యవేణి లారీ వెనక తలుపు గొళ్ళెం తీసింది.

ఊళ్ళో ఆడవాళ్ళు పదిహేను మంది అప్పటికే వరస కట్టి ఉన్నారు. ఒక దిమ్మ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, చివర్లో సుత్తి కింద పొడై, ట్రేలోకి. సుత్తి చప్పుడు మైకులో వినబడి, వైకుంఠరావు గారు దాన్ని ప్రజల హర్షధ్వానం అనుకుని కాసేపు ఆగి మరీ కొనసాగించారు.

"ముప్ఫై ఆరండి."

"కొంచెం నిదానంగా చదువు బాబూ," అంది సత్యవేణి నూకరాజు పక్కనుంచి పోతూ.

నూకరాజు వెనక తలుపు వైపు చూశాడు. వరసని చూశాడు, ట్రేలని చూశాడు. తర్వాతి అంకె నాలుగు నిమిషాలకి గాని చదవలేదు.

లారీ ఖాళీ అయింది. ఇంకా అయిదు ట్రేలు మిగిలాయి. వాటిలో పైనున్న రొయ్యల రంగు మారుతోంది. మంగతాయారు గొంతు గట్టిగా వినబడింది. "ఇంకో రెండు దిమ్మలుంటే చాలే. రెండే."

ఆ రెండూ లారీ ముందు భాగాన గోనెల్లో ఉన్నాయి, అధ్యక్షుల వారికి ఎదురుగా, నమూనా పరువుని కాపాడుతూ. సత్యవేణి టెంటు కిందికి నడిచి, మైకు ముందు నుంచే వెళ్ళి, గోనెల ముడి విప్పింది. త్రిమూర్తులు ఒక దిమ్మ భుజాన వేసుకున్నాడు. రెండోదాన్ని ఆమె చీర తడిసిపోతుండగా గుండెలకి హత్తుకుని తీసుకెళ్ళింది.

"అమ్మా, అది నమూనా ఐసు," అన్నారు వైకుంఠరావు గారు మైకులోనే. ఊరంతా విన్నది.

"ముప్ఫై ఎనిమిదండి," అన్నాడు నూకరాజు. "ముప్ఫై తొమ్మిది. నలభై ఒకటండి." అతను గొట్టంలోంచి సూది తీసేశాడు. చదవడానికి ఇక ఏమీ లేనట్టు.

చివరి ట్రే మీద మూత పడింది. కొనేవాళ్ళ వ్యాన్లు కదిలాయి. మంగతాయారు గట్టు మీద అక్కడే వెల్లకిలా పడుకుని నాలుగు నెలల తర్వాత కళ్ళు మూసుకుంది.

వైకుంఠరావు గారి ముఖం నలభై ఒకటి దాటింది. నమూనా హోదా అక్కడికక్కడే రద్దయింది. దండ తీయించేశారు. పరిమితి అతిక్రమించిన లారీని నిర్బంధించి తక్షణం మండలి ఆవరణకి తరలించమన్నారు. పెద్దిరాజు గారి తమ్ముడు తాడు విప్పుకుని, తనకి పొలం పనుందని ట్రాక్టరుతో వెళ్ళిపోయాడు.

"అయితే నడిపించుకుని రండి."

"నడిస్తే వేడెక్కుద్దండి," అన్నాడు త్రిమూర్తులు వినయంగా. "తమరి తీర్మానమేనండి."

అధ్యక్షుల వారు చాలాసేపు ఆలోచించారు. ఎండలో ఆలోచించడం ఆయనకి అలవాటు లేదు. చివరికి జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఉత్తర్వు రాశారు. లారీని ఉన్నచోటనే నిర్బంధించడమైనది. అది కదలకుండా సహాయ పరిశీలకుడు ప్రతిదినము ఉదయం పది గంటలకు స్వయముగా వచ్చి, ఉష్ణోగ్రత కొలిచి, సాయంత్రం అయిదులోగా నివేదించవలెను.

మర్నాడు పదింటికి నూకరాజు మోటారు సైకిలు మీద పాతిక కిలోమీటర్లు వచ్చేసరికి గట్టు మీద రెండు చక్రాల గుర్తులు తప్ప ఏమీ లేవు. సత్యవేణి మజ్జిగ గ్లాసు అందించింది.

"లారీ ఏదండీ?"

"ఇక్కడే ఉంది బాబూ, నిర్బంధంలో. ఇప్పుడు ఐసుకెళ్ళింది. చెరువులన్నీ ఈ వారంలో పట్టెయ్యాలి కదా. రేపట్నుంచి పన్నెండింటికి రా, వచ్చేసి ఉంటది. ఎండనపడి పదింటికే రావడం దేనికి?"

నూకరాజు మజ్జిగ తాగాడు. గ్లాసు అడుగున ఉన్న కరివేపాకు కూడా నమిలాడు. పన్నెండింటికి లారీ వచ్చింది. రెండింటి దాకా దాన్ని చల్లారనిచ్చి, గొట్టంలో తడిగుడ్డ కుక్కి కొలిస్తే ముప్ఫై ఏడుంది. నివేదికలో, లారీ నిర్బంధ స్థలంలోనే ఉన్నదని, కదలికలేవీ గమనించబడలేదని గుండ్రటి అక్షరాలతో రాశాడు. తీరా బయల్దేరబోతే మోటారు సైకిలు ఎంత తన్నినా స్టార్టవలేదు.

త్రిమూర్తులు లారీ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కండి, ఆఫీసు దగ్గర దింపేస్తాను. నేను ఫ్యాక్టరీ వైపే వెళ్తున్నాను."

నూకరాజు అటూ ఇటూ చూశాడు. వాచీ చూసుకున్నాడు. మోటారు సైకిలు సత్యవేణికి అప్పజెప్పి, నివేదిక నలక్కుండా రెండు చేతులతో పట్టుకుని క్యాబిన్లోకి ఎక్కాడు.

"కాస్త తొందరగా పోనివ్వండి బాబాయ్," అన్నాడు. "ఈ బండి కదల్లేదని అయిదింటిలోగా వాళ్ళకి చెప్పాలి."